నౌబత్ పహాడ్ మీద అడిగిన ప్రశ్న

మొన్న జనవరిలో మా ఆశ్రమ పాఠశాల పిల్లల్ని హైదరాబాద్ చూపించడానికి తీసుకెళ్లాం. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 42 మంది, ఉపాధ్యాయులం నలుగురం. పిల్లల్లో ఎక్కువ మంది గోండులు. కొందరు కోలాములు, ముగ్గురు పర్ధాన్ పిల్లలు, ఒకడు తోటి పిల్లవాడు. ఉట్నూరులో రాత్రి బస్సు ఎక్కితే తెల్లవారేసరికి పట్నంలో దిగాం.

ఈ వ్యాసంలో మేము అంటే ముందుగా ఆ నలుగురు ఉపాధ్యాయులం. ఇంకొంచెం లోపలికి పోతే మేము అంటే కోయ్తూర్‌లం. బయటివాళ్లు మమ్మల్ని గోండులు అంటారు, మాలో మేము కోయ్తూర్ అనుకుంటాం. ఆ రోజు గుట్ట మీద ఈ రెండు 'మేము'లూ ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. అది చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

చూడాల్సినవాటి పట్టీలో జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, ప్లానెటోరియం అని రాసుకున్నాం. ప్లానెటోరియం నౌబత్ పహాడ్ అనే గుట్ట మీద ఉంది. బిర్లా మందిరం ఉన్నదీ అదే గుట్ట మీద. "అక్కడిదాకా పోయి గుడి చూడకుండా వస్తే ఊళ్లో నవ్వుతారు" అని మాలో ఒకరు అన్నారు. అట్లా గుడి పట్టీలోకి వచ్చింది.

ఉదయమే వెళ్లాం. చలిగా ఉంది. కింద చెప్పులు, సెల్‌ఫోన్లు ఇచ్చేసి వరుసగా ఎక్కాం. మా పిల్లలకు గుట్ట ఎక్కడం పెద్ద పని కాదు గానీ నున్నటి రాయి మీద నడవడం కొత్త. పాదాలు జారుతాయేమోనని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. పైకి పోయేకొద్దీ తెల్లదనం పెరిగింది. మెట్లు తెలుపు, గోడలు తెలుపు, శిఖరం తెలుపు. "పత్తి మార్కెట్టు లాగుంది సార్" అన్నాడు ఒకడు. పత్తి ఏరే కాలంలో బడి మానే పిల్లవాడు వాడు, వాడికి తెలుపంటే అదే.

మేము ఉపాధ్యాయులం కదా, ఎక్కడికి పోయినా పాఠం మొదలుపెడతాం. ఈ గుడి కట్టడానికి పదేళ్లు పట్టిందని, 1976లో రామకృష్ణ మిషన్‌కు చెందిన స్వామి రంగనాథానంద ప్రారంభించారని, గుట్ట ఎత్తు 280 అడుగులని చెప్పాం. రాజస్థాన్ నుంచి తెచ్చిన పాలరాయి 2,000 టన్నులని చెప్పాం. అంటే ఎంత అన్నారు పిల్లలు. ఎడ్లబండి లెక్కలో చెప్పాల్సి వచ్చింది. బండికి టన్ను చొప్పున వేస్తే రెండు వేల బండ్లు. బండి, ఎడ్లు కలిపి ఆరు మీటర్లు అనుకుంటే, ఒకదాని వెనక ఒకటి నిలబెడితే పన్నెండు కిలోమీటర్ల వరస. పిల్లలు నోళ్లు తెరిచారు. "ఇన్ని బండ్లూ ఒక్క దేవుడికేనా?" అన్నది ఎనిమిదో తరగతి అమ్మాయి. ఆ రోజు ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. అప్పుడు నవ్వి ఊరుకున్నాం.

లోపల వెంకటేశ్వరస్వామి నల్లరాతి విగ్రహం. పదకొండు అడుగుల ఎత్తు ఉంటుంది. అంత తెల్లదనం మధ్య ఆ నలుపు చూడగానే పిల్లలు మాట్లాడటం ఆపేశారు. మేమూ చేతులు జోడించాం. అందులో నటన లేదు. పెద్దదాన్ని చూస్తే చేతులు వాటంతట అవే కలుస్తాయి, పెద్ద ఇప్పచెట్టు ముందు కలిసినట్టే. చుట్టూ గోడల మీద రామాయణ, భారత కథలు చెక్కి ఉన్నాయి. ఎందరో మహాత్ముల మాటలు కూడా. చదవగలిగిన పిల్లలు చదవలేని వాళ్లకు చదివి చెప్పారు. మాకు అదొక సంతోషం.

ఇంకొక సంతోషం కూడా చెప్పాలి. మమ్మల్ని ఎవరూ మీరెవరని అడగలేదు. 1939లో ఢిల్లీలో బిర్లాలు కట్టించిన లక్ష్మీనారాయణ మందిరాన్ని గాంధీజీ ప్రారంభించినప్పుడు, అన్ని కులాల వాళ్లనూ రానిస్తేనే వస్తానని షరతు పెట్టారని చదువుకున్నాం. ఆ షరతు విలువ మాలాంటి వాళ్లకు తెలుస్తుంది. మా తాతల కాలంలో అంగడికి పోయినప్పుడు కోమటి దుకాణం అరుగు కూడా ఎక్కేవాళ్లు కాదట. కిందనే నిలబడి ఇప్పపువ్వు, చిరంజి గింజలు ఇచ్చి ఉప్పు తెచ్చుకునేవాళ్లట. వాళ్ల మనవలం, మునిమనవలం పాలరాతి మీద నడిచి గర్భగుడి ముందు నిలబడ్డాం. తీర్థం చేతిలో పోశారు. ఇది చిన్న సంగతి కాదు. తర్వాత రాయబోయేది చదివేటప్పుడు పాఠకులు దీన్ని మరిచిపోవద్దని కోరుతున్నాం.

అయితే పిల్లలు పిల్లలే. కాసేపటికి మామూలుగా అయిపోయి ప్రశ్నలు మొదలుపెట్టారు.

మొదట అడిగినవాడు తోటి పిల్లవాడు. వాళ్లింట్లో తాత దగ్గర్నుంచీ అందరూ వాయిద్యగాళ్లే. "గంట ఎక్కడుంది సార్?" అన్నాడు. ఈ గుడిలో గంటలు లేవు. ధ్యానానికి వీలుగా నిశ్శబ్దంగా ఉండాలని స్వామీజీ కోరడం వల్ల పెట్టలేదని చెప్పాం. వాడు ఒప్పుకోలేదు. "చప్పుడు చేయకపోతే మనం వచ్చామని దేవుడికి ఎట్లా తెలుస్తుంది?"

వాడి ప్రశ్నలో తప్పు లేదు. మా దగ్గర తుడుం మోగందే పని మొదలు కాదు. డోలు, పెప్రె, కాలికోం వాయిస్తేనే పేన్ లేస్తాడు. పేన్ అంటే మా భాషలో దేవుడు. ఏ పేన్‌కు ఏ దరువో వాయించేవాళ్లకే తెలుస్తుంది, ఒకరి దరువు ఇంకొకరికి కొట్టరు. ఇందులో ఇంకో వింత ఉంది. నౌబత్ అంటేనే నగారా. పూర్వం నవాబుల ఫర్మానాలు ఈ గుట్ట మీద నగారా మోగించి చాటేవారట, అందుకే నౌబత్ పహాడ్ అని పేరు. నగారా పేరు పెట్టుకున్న గుట్ట మీద చప్పుడు లేని గుడి. వాడికి ఈ సంగతి చెబితే, "మరి ఆ నగారా ఎవరు తీసుకుపోయారు సార్?" అన్నాడు.

ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది వేరు. "సార్, ఈ దేవుడిది ఏ సగ?"

మా సంగతి తెలియని పాఠకుల కోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. మాలో నాలుగు సగలు ఉన్నాయి. నాలుగు దేవుళ్ల వాళ్లు, ఐదు దేవుళ్ల వాళ్లు, ఆరు దేవుళ్ల వాళ్లు, ఏడు దేవుళ్ల వాళ్లు. ఒకే సగ వాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. వేరే సగ వాళ్లు వియ్యానికి తగినవాళ్లు. ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే ఇంటిపేరు, సగ అడిగితే చాలు, వరస తెలిసిపోతుంది. మామా అని పిలవాలా, దాదా అని పిలవాలా తేలిపోతుంది. ప్రతి ఇంటిపేరు వాళ్లకూ ఒక పెర్సపేన్ ఉంటాడు, పెద్ద దేవుడు. ఆయనకు ముఖం లేదు. ఇనుప బల్లెం మొన, చామరం, గంటలు, గుడ్డ, ఇవే ఆయన గుర్తులు. కటోడా వాటిని భద్రంగా దాచి ఉంచుతాడు. పండుగ వస్తే దించి, వాగుకో గోదారికో నడిపించి, స్నానం చేయిస్తారు. చనిపోయిన మా పెద్దలు వెళ్లి ఆయనలోనే కలుస్తారు. కాబట్టి మా పిల్లలకు దేవుడంటే మొదట చుట్టం. అందుకే ఆ అమ్మాయి అట్లా అడిగింది. ఆమె ప్రశ్నకు అర్థం, ఈయన మనకు ఏమవుతాడు అని.

"ఈయనకు సగ లేదు. అందరి దేవుడు" అని చెప్పాం.

"అందరికీ అంటే పెళ్లిళ్లు ఎట్లా సార్?" అన్నది. పక్కనున్న పిల్లలందరూ నవ్వారు. మేమూ నవ్వాం. కానీ ఆలోచిస్తే అందులో చాలా ఉంది. ఎవరూ ఏమీ కానవసరం లేని చోటు కాబట్టే ఆ గుడిలోకి ఎవరైనా పోవచ్చు. మా పేన్ దగ్గరికి ఎవరు పడితే వాళ్లు రాలేరు. వచ్చినవాళ్లు మాత్రం ఊరూ పేరూ వరసా తెలిసినవాళ్లే. ఒకచోట తలుపు పెద్దది, ఇంకోచోట చుట్టరికం పెద్దది. ఇందులో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని మేము అనడం లేదు. కానీ రెండూ ఒకటే అనడం మాత్రం నిజం కాదు.

ఆ నిజం కాని మాటే కాసేపటికి మా నోటి నుంచి వచ్చింది.

దర్శనం అయ్యాక బయట చప్టా మీద కూర్చున్నాం. అక్కడి నుంచి హుస్సేన్ సాగర్, మధ్యలో బుద్ధ విగ్రహం కనబడుతుంటే పిల్లలు చూస్తున్నారు. ఒక పెద్దావిడ వచ్చి పిల్లల పక్కన కూర్చుంది. మంచి మనిషి. అందరికీ తలా ఒక పటికబెల్లం ముక్క పెట్టింది. "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. చెప్పారు. "మీ ఊళ్లో ఏ దేవుడు?" అని అడిగింది. "పెర్సపేన్" అన్నది మా ఎనిమిదో తరగతి అమ్మాయి, గట్టిగానే. ఆవిడకు అర్థం కాలేదు. మా వైపు తిరిగి, "అంటే ఎవరు సారూ? శివుడా? మన వెంకటేశ్వరస్వామేనా?" అన్నది.

పిల్లలందరూ మా ముఖం చూశారు.

"ఆఁ, అట్లాంటిదేనమ్మా. పేరే వేరు" అన్నాం.

'అన్నాం' అని రాస్తున్నాం గానీ ఆ మాట పలికింది ఒక్క నోరే. అయినా మిగతా ముగ్గురం కాదనలేదు కాబట్టి అది మా నలుగురి మాటే. ఆవిడ సంతోషంగా తల ఊపి, "అన్నీ ఒకటే కదా నాయనా" అని లేచి వెళ్లింది. ఆమె తప్పేమీ లేదు. ప్రేమగా అడిగింది. తీరిగ్గా కూర్చుంది కూడా. సగ గురించి చెబితే వినేదేమో. మేమే చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని ఆ రాత్రి తిరుగు బస్సులో చాలాసేపు అనుకున్నాం. ఆ జవాబు మాకు కొత్తది కాదు. పాతికేళ్ల కిందట డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణకు పోయినప్పుడు కూడా ఇదే చెప్పాం. హాస్టల్ గదిలో తోటి విద్యార్థులు మీ దేవుడు ఎవరని అడిగితే మొదటిసారి పెర్సపేన్ అన్నాం. నవ్వారు. "పేనా? తలలో పేనా?" అన్నారు. రెండోసారి అడిగిన వాళ్లకు శివుడని చెప్పాం. అది సులువుగా ఉంది. రెండేళ్ల డిప్లొమాలో బోధనా పద్ధతులు ఎన్నో నేర్చుకున్నాం గానీ, అందరికంటే ముందు నేర్చుకున్నది ఆ జవాబు. 1943లోనే మార్లవాయిలో హైమండార్ఫ్ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించారు, గోండీలో వాచకాలు తయారు చేయించారు. మా తాతల వయసు వాళ్లు కొందరు తమ భాషలోనే అక్షరం దిద్దారు. మేము వాళ్లకంటే ఎక్కువ చదువుకున్నాం, వాళ్లకంటే ఎక్కువ దాచుకున్నాం.

బస్సులో ఆ అమ్మాయి మా వెనక సీట్లో కూర్చుంది. అందరూ నిద్రపోయాక మెల్లగా అడిగింది. "సార్, ఆ దేవుణ్ణి రాతి గదిలో ఎవరు పెట్టారు? పహండి కుపార్ లింగల్ ఇంకా రాలేదా?"

మా కథ తెలిసినవాళ్లకు ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. శంభు మహాదేవుడు మా దేవుళ్లను గుహలో పెట్టి, వాకిట్లో పెద్ద రాయి అడ్డం పెట్టాడని, జంగుబాయి వాళ్ల కోసం తపించిందని, పహండి కుపార్ లింగల్ వచ్చి ఆ రాయి తొలగించి వాళ్లను బయటికి తెచ్చి నాలుగు సగలు చేశాడని పర్ధాన్లు కీక్రి వాయిస్తూ పాడతారు. ఆ అమ్మాయి దీపావళి దండారి రోజుల్లో విన్నదే చెప్పింది. ఆమెకు ఆ రాతి గది చూస్తే గుహ గుర్తొచ్చింది. వెక్కిరింపు కాదు, జాలితో అడిగింది. ఆ దేవుడు బయటికి రాలేకపోతున్నాడేమో అని.

ఈ కథలో మహాదేవుడు కూడా ఉన్నాడు, గమనించారా? మేము అడవిలో ఒంటరిగా పుట్టి ఒంటరిగా పెరిగిన వాళ్లం కాము. మా పెద్దలు ఎదురుపడితే రామ్ రామ్ అనుకుంటారు. భీముడు మాకు భీమల్ పేన్. ఇప్పుడు మా గూడేల్లో సిమెంటుతో కట్టిన హనుమంతుడి గుడులు ఉన్నాయి. వినాయక చవితికి మా కుర్రాళ్లూ చందాలు వసూలు చేస్తారు. కాబట్టి ఇటు మేము, అటు వాళ్లు అని గీత గీయడం మా వల్ల కాదు. గీత గీయమని ఆ అమ్మాయి కూడా అడగలేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పమన్నది, అంతే.

ఊరికి వచ్చాక కటోడా కాకా దగ్గరికి పోయి జరిగింది చెప్పాం. ఆయన చదువుకోలేదు. ఎప్పుడూ హైదరాబాద్ చూడలేదు. పాలరాయి సంగతి, శిఖరం సంగతి శ్రద్ధగా విన్నాడు. చివరికి రెండే అడిగాడు. "దేవుణ్ణి ఏడాదికి ఒక్కసారైనా నడిపిస్తారా? ఆయనకు వండేవాళ్లు ఎవరు, కూతుళ్లా కోడళ్లా?"

వండే పని పూజారులదని చెప్పాం. ఆయన కాసేపు ఊరుకుని కేస్లాపూర్ మాట ఎత్తాడు. కేస్లాపూర్ నాగోబా గురించి పాఠకులకు తెలిసే ఉంటుంది. ఏటా పుష్య అమావాస్యకు జాతర. అంతకుముందు మెస్రం వంశస్థులు చెప్పులు లేకుండా నడిచి జన్నారం వైపు హస్తినమడుగు దాకా పోయి గోదావరి నీళ్లు తెస్తారు. వచ్చి మర్రిచెట్ల కింద దిగుతారు. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా 22 పొయ్యిల మీదే వంతులవారీగా వండుకుంటారు. ఆ ఏడాది పెళ్లయి వచ్చిన కోడళ్లను నాగోబాకు చూపించి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. ఆ నాగోబాకు మెస్రం వాళ్లు తమలో తాము చందాలు వేసుకుని రాతి గుడి కట్టుకున్నారు. 2022 డిసెంబర్‌లో ప్రారంభించుకున్నారు. అప్పుడు మా వాళ్లలోనే రెండు రకాల మాటలు వినిపించాయి. మనదీ పెద్ద గుడి అయిందని కొందరు సంబరపడ్డారు. గుడి వచ్చింది, ఇక మనమూ వాళ్లలో కలిసినట్టే అని కొందరు భయపడ్డారు. మేము ఆ భయపడినవాళ్లలో ఉన్నాం.

"రాయి పెడితే ఏమైంది గురుజీ?" అన్నాడు కాకా. "గుడి అయ్యాక మెస్రం వాళ్లు నీళ్లకు నడవడం మానుకున్నారా? బండిలో తెస్తున్నారా? కోడళ్లను చూపించడం ఆపారా? అవి ఆగిననాడు నాకు వచ్చి చెప్పు, అప్పుడు భయపడదాం. ఇల్లు పెంకుదైతే ఏం, సిమెంటుదైతే ఏం, లోపల ఎవరున్నారో తెలిస్తే చాలు." కాసేపాగి, "నువ్వు ఆ ముసలమ్మకు చెప్పకపోవడమే తప్పు" అన్నాడు. కోపంగా అనలేదు. వంకాయ చేను తెగులు పట్టింది అన్నంత మామూలుగా అన్నాడు. మాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు మాకు బడిలోని ప్రవేశ రిజిస్టర్ గుర్తొచ్చింది.

బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మతం అని గడులు ఉంటాయి. ఇరవై ఏళ్లుగా ఆ రిజిస్టర్ మేమే రాస్తున్నాం. పుట్టిన తేదీ అడుగుతాం. తెలియకపోతే ఏ పండుగకు పుట్టాడో, ఏ పంట కోతల్లో పుట్టాడో అడిగి లెక్కగడతాం. ఇంటిపేరు రెండుసార్లు అడుగుతాం, తప్పు పడితే సర్టిఫికెట్‌కు తిప్పలు అని. మతం గడి దగ్గరికి వచ్చేసరికి ఒక్కరిని కూడా, ఒక్కసారి కూడా అడగలేదు. హిందూ అని రాసి కింది వరసకు పోయాం. కింది వరసల్లో అదే మాట కింద రెండు చుక్కలు. వందల మంది పిల్లలు, వందల చుక్కలు. ఎవరో వచ్చి మా మీద రాసింది కాదది. మా చేతిరాత.

ఎవరైనా హిందువునని చెప్పుకుంటే అది వాళ్ల ఇష్టం, దాన్ని కాదనడానికి మేమెవరం? మా బాధ అది కాదు. అడగకుండా రాశాం, అదే బాధ.

ఈ జూన్‌లో కొత్త ప్రవేశాలప్పుడు అడగడం మొదలుపెట్టాం. తల్లిదండ్రులు కంగారుపడ్డారు. "వేరే రాస్తే ఎస్టీ పోతుందా గురుజీ?" అన్నదే అందరి మొదటి మాట. అందుకని మాకు తెలిసింది వాళ్లకు చెప్పాం, ఇక్కడా రాస్తున్నాం. ఎస్సీల జాబితాకు సంబంధించిన 1950 ఉత్తర్వులో మతం షరతు ఉంది. ఎస్టీల ఉత్తర్వులో అట్లాంటి షరతు లేదు. ఏ మతం రాసినా, రాయకపోయినా మన తెగ మన తెగే. ఇంకొకటి, 1955 హిందూ వివాహ చట్టం, 1956 హిందూ వారసత్వ చట్టం కూడా కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు వర్తించవని ఆ చట్టాల రెండో సెక్షన్లలోనే ఉంది. మన పెళ్లి మన ఆచారం ప్రకారం చెల్లుతుందని చట్టమే ఒప్పుకుంది. చట్టానికి తెలిసినంత కూడా మా రిజిస్టర్‌కు తెలియలేదు.

అడిగితే రకరకాలుగా చెప్పారు. కొందరు హిందూ అనే రాయమన్నారు, రాశాం. ఒకాయన "రామ్ రామ్ అంటాం, పేన్‌నూ కొలుస్తాం, రెండూ పట్టేంత గడి ఉందా?" అన్నాడు. ఒక తల్లి ఇంటికి పోయి అత్తను అడిగి చెబుతానంది. ఆన్‌లైన్‌లో నింపే చోట మాత్రం మాకు కావలసిన పేరు దొరకలేదు, 'ఇతరులు' అన్నదాన్ని నొక్కాల్సి వచ్చింది. ఇతరులు అంటే ఎవరికి ఇతరులం అని మాలో మేము నవ్వుకున్నాం.

ఇది ఒక్క బడి సంగతితో అయిపోయేది కాదు. 2027లో జనగణన ఉంది. 2011 లెక్కల్లో మతం దగ్గర ఆరు పెద్ద మతాలకు అంకెలు ఇచ్చారు, వేరే వాళ్లయితే పేరు పూర్తిగా రాయమన్నారు. అప్పుడు దేశంలో దాదాపు 50 లక్షల మంది సర్నా అని, పది లక్షలకు పైగా గోండీ అని రాయించుకున్నారు. 2020 నవంబర్‌లో జార్ఖండ్ శాసనసభ సర్నాకు ప్రత్యేక కోడ్ కావాలని తీర్మానం కూడా చేసింది. అది వస్తుందా రాదా అన్నది ఢిల్లీలో తేలాలి. కానీ మన గూడెంలో గడప ముందు నిలబడి అడిగేది ఎవరు? లెక్కలకు వెళ్లేది ఎక్కువగా మనమే, ఉపాధ్యాయులమే. ఇంటివాళ్లు ఏది చెబితే అది రాయాలన్నది నియమం. అడగకుండా నింపేస్తే తప్పు చేసేది మన చెయ్యే. తోటి ఉపాధ్యాయులకు, ముఖ్యంగా మన తెగల నుంచి వచ్చిన వాళ్లకు మేము చెప్పేది ఇంతే. ఏం రాయించుకోవాలో ఎవరికీ చెప్పకండి. కానీ అడగండి. అడిగాక వాళ్లు ఆలోచించుకునేదాకా ఆగండి.

చివరగా ఒక సంగతి. ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి తమ్ముడు ఈ జూన్‌లోనే మా బడిలో మూడో తరగతిలో చేరాడు. తండ్రి తీసుకొచ్చాడు. ఆమె కూడా వచ్చి బల్ల పక్కన నిలబడింది. మతం గడి దగ్గర ఆగి తండ్రిని అడిగాం. ఆయన తల గోక్కుని, "అక్కకు ఏముందో అదే రాయి గురుజీ" అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. గోండీలో తండ్రికి ఏదో చెప్పింది, పెద్దగా మాట్లాడుకున్నారు. గంటసేపు బయట వేపచెట్టు కింద కూర్చుని వచ్చారు. "మా పేన్‌కు మతం పేరు ఏముందో మాకు తెలియదు. కోయ్తూర్ అని రాయి" అన్నాడు ఆయన. రాశాం.

ఆమె అంతటితో ఊరుకోలేదు. తను చేరిన ఏడాది పేజీ చూపించమంది. తిప్పి చూపించాం. తన పేరు మీద వేలు పెట్టి, అడ్డంగా జరుపుకుంటూ ఆ గడి దగ్గర ఆపింది.

"ఇది ఎవరు రాశారు సార్?"

"మేమే" అన్నాం.

ఈసారి 'అట్లాంటిదే' అని అనలేదు.